ఫ్యాను ఆగాకే దాని హోరు తెలిస్తే, అంతకుముందు దాన్ని విన్నట్టేనా?

ప్రశ్న
చదువులో మునిగి ఉండగా కరెంటు పోయి ఫ్యాను ఆగితే, అప్పటిదాకా దాని హోరు వినబడుతూనే ఉందన్న సంగతి ఒక్కసారిగా స్ఫురిస్తుంది. ఆ హోరును నేను నిజంగా వింటూ ఉన్నానా, లేక విన్నానని ఇప్పుడు అనుకుంటున్నానా? అనుభవం కలగడమూ, అది కలుగుతోందని తెలియడమూ ఒకటేనా? మన దర్శనాలూ, నేటి మనోవిజ్ఞానమూ ఏమంటాయో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం
రెండూ వేరని నైయాయికుల, అంటే న్యాయదర్శనం వారి, మతం. ‘ఇది కుండ’ అన్న నిశ్చయజ్ఞానాన్ని వారి పరిభాషలో వ్యవసాయం అంటారు. ‘కుండను నేను చూస్తున్నాను’ అని ఆ జ్ఞానాన్నే మనస్సు గ్రహించడం అనువ్యవసాయం. రెండోదాన్ని తెలుసుకోవడానికి మూడోది, దానికి నాలుగోది కావాలి గదా అని ప్రతిపక్షులు అనవస్థా దోషం చూపితే, వస్తువును తెలియజేయడానికి జ్ఞానం తాను తెలియబడి ఉండనక్కరలేదనీ, కనుక ఆ పరంపర ఎక్కడైనా ఆగవచ్చుననీ వారు బదులిచ్చారు. అయితే మీ ఫ్యాను వారికి చిక్కే తెస్తుంది. మనస్సు ఇంద్రియంతో కలిస్తేనే జ్ఞానం పుడుతుందనీ, అది అణువంతది కనుక ఒకేసారి ఒక ఇంద్రియంతోనే కలుస్తుందనీ, అందువల్ల ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు పుట్టవనీ అంటారు. మరి పుస్తకం మీది మనస్సు చెవిని ఎప్పుడు కలిసింది?

మీమాంసకులలో ఒక శాఖవారైన ప్రాభాకరులూ, అద్వైతులూ జ్ఞానాన్ని స్వప్రకాశమన్నారు, అంటే అది తనంతట తానే తెలుస్తుందన్నారు. దీపాన్ని చూడడానికి మరో దీపం అక్కరలేదన్నది ఆ పక్షం వారి దృష్టాంతం. బౌద్ధుడైన దిఙ్నాగుని యుక్తి నాకు ఇంకా బలంగా తోస్తుంది: నిన్న చూసిన వస్తువే కాక దాన్ని చూడడం కూడా మనకు గుర్తుంటుంది, అనుభవించనిది గుర్తుకు రాదు గనుక, చూస్తున్నప్పుడే ఆ చూపూ తెలిసి ఉండాలి.

రెండవ సమాధానం
అనువ్యవసాయానికి దగ్గరి వాదం ఇప్పుడూ ఉంది. ఒక మానసిక స్థితి తనలో ఉందన్న ఆలోచన కలిగితేనే ఆ స్థితి చేతనమవుతుందని తత్త్వవేత్త డేవిడ్ రోసెంథాల్ అంటారు. స్థితి ఉన్నా అది చేతనం కాకపోవచ్చుననడానికి ఒక ఉదాహరణ ఉంది. 1974లో మనోవిజ్ఞాని వైస్‌క్రాంట్జ్ బృందం వర్ణించిన డి.బి. అనే రోగికి, మెదడు శస్త్రచికిత్స తర్వాత ఎడమవైపు దృశ్యం కనబడేది కాదు. అయినా అక్కడి వెలుగు ఎక్కడుందో చూపమంటే, ఊరికే ఊహిస్తున్నానంటూనే చాలావరకు సరిగా చూపేవాడు.

ప్రశ్న అడిగినవారు
డి.బి.కి కనబడుతున్నట్టే అనిపించలేదు. నా విషయంలో హోరు వినబడిందనే అనిపిస్తోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

రెండవ సమాధానమిచ్చినవారు
మీ అభ్యంతరం న్యాయమే. డి.బి. ఉదాహరణ వల్ల గ్రహణం వేరు, అనుభవం వేరు అని మాత్రమే తేలుతుంది. ఫ్యాను విషయంలో దిఙ్నాగుని యుక్తి కూడా కొంతవరకే పనికివస్తుంది. విన్న శబ్దం కొద్ది సెకన్లపాటు మనలో నిలిచి ఉంటుంది. పరధ్యానంలో ఉన్నవారు గడియారం కొట్టడం ఆగాక గంటలను వెనక్కి లెక్కపెట్టగలిగేది అందువల్లనే. కాబట్టి ఫ్యాను ఆగేముందరి హోరు స్మృతి కావచ్చు. ‘ఇంతసేపూ విన్నాను’ అన్నది మాత్రం అనుమానప్రమాణం వల్ల, అంటే ఒక గుర్తును బట్టి ఊహించి, తేల్చుకున్నదే. తెలియబడిన వస్తువులో పుట్టే జ్ఞాతతను (తెలియబడి ఉండడమనే గుణాన్ని) బట్టి జ్ఞానాన్ని ఊహించుకుంటామన్న భాట్టుల (మీమాంసకులలో మరో శాఖవారి) మాట అన్నిచోట్లా ఒప్పకపోయినా, ఇక్కడ వారి దారే దగ్గరగా ఉన్నట్టు నాకనిపిస్తుంది.