తుపాకీకి పేరు పెట్టుకోవడం వెనుక కారణం ఏమిటి?

ప్రశ్న (టోలీచౌకి పాఠకుడు): అమెరికాలో 19వ శతాబ్దపు వేటగాడు, రాజకీయ నాయకుడు డేవీ క్రాకెట్ తన రైఫిల్‌ను ‘బెట్సీ’ అని పిలుచుకునేవాడట. అక్కడి తుపాకీ యజమానుల్లో ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. దీనికి మూలం మమకారమా, గర్వమా? మన చరిత్రలో ఇటువంటిది ఉందా?

గోల్కొండ అభిమాని: మన ఊళ్ళోనే ఉంది. ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్న కాలం నాటి ఫిరంగులు ఫతే రహబర్, అజ్‌దహా పైకర్ నేటికీ కోట బురుజుల మీద ఉన్నాయి. బీజాపూరులోని మాలిక్-ఎ-మైదాన్ 1549 నాటిది. ఆ రోజుల్లో ప్రతి ఫిరంగినీ విడిగా పోతపోసేవారు కనుక ఒకదాని కొలతలు మరొకదానికి సరిపోయేవి కావు. ఎంత మందు కూరాలో, గుండు ఎంత దూరం పోతుందో దేనికది తెలుసుకోవలసిందే. క్రాకెట్ కాలపు రైఫిళ్ళు కూడా చేతిపనివాళ్ళు ఒక్కొక్కటిగా తయారు చేసినవే. విడి గుణం ఉన్న వస్తువుకు విడి పేరు రావడంలో వింత లేదు.

భారత ప్రియుడు: అది సగం కారణమే అనిపిస్తుంది. గాండీవాన్ని మరొకరికి ఇచ్చివేయమన్న వాని తల నరుకుతానని అర్జునుడు వ్రతం పట్టాడు. కర్ణునితో యుద్ధం జరుగుతున్న రోజున ధర్మరాజే కోపంలో ఆ మాట అన్నప్పుడు అన్నగారి మీదే కత్తి ఎత్తగా, కృష్ణుడు అడ్డుపడవలసి వచ్చింది. అక్కడ విల్లును అవమానించడమంటే విలుకానిని అవమానించడమే. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం అంటూ శంఖాలకు సైతం పేర్లున్నాయి గదా! చంపే శక్తికే పేరు పెడతారనుకుంటే శంఖానికి పేరెందుకు?

విశ్రాంత పోలీసు ఉద్యోగి: నా అనుభవం వేరు. డ్యూటీకి కోత్ (ఆయుధాల గది) నుంచి ఆయుధం తీసుకునేటప్పుడు మేము చూసేది బట్ నంబరే (తుపాకీ మడమ మీది సంఖ్య). దసరా ఆయుధ పూజలో పసుపు కుంకుమలు పెట్టి దండ వేస్తాము, అయినా పేరు మాత్రం ఎవరూ పెట్టరు. డ్యూటీ దిగగానే తిరిగి అప్పగించవలసిన వస్తువుతో అంత చనువు ఏర్పడదు. సొంత లైసెన్సుదారులకు కూడా కాగితం మీద గుర్తు సంఖ్యే. తుపాకీ మీద ముద్రించిన పేరునో సంఖ్యనో చెరపడాన్ని 1959 ఆయుధాల చట్టం నిషేధిస్తుంది. ముద్దు పేరు ఇంట్లో ఎవరైనా పిలుచుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

గోల్కొండ అభిమాని: అయ్యా, మీ మాట సొంత తుపాకీకి సరిపోతుంది. కోట ఫిరంగిని పేల్చిన గోలందాజుకు అది ఏనాడూ సొంతం కాదు, అయినా దానికి పేరుంది. ఆ పేరు పాదుషా తన ప్రతాపం చాటుకోవడానికి, గోడకు అవతలివాడు వినడానికి పెట్టినది. క్రాకెట్ పెట్టుకున్న పేరు తనకూ తన తుపాకీకీ మధ్యది. ఈ రెండు అలవాట్లకూ ఒకే కారణం వెదకడం వల్లనే మన చర్చ ఇలా చీలిందని నా అభిప్రాయం.