తొలి బంతి ఎవరిది? డెమోక్రటిక్ ప్రైమరీల వరుసలో న్యూ హాంప్‌షైర్ స్థానంపై చర్చ

గ్రానైట్‌వాసి (నాషువా, న్యూ హాంప్‌షైర్)

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పార్టీ టికెట్టు ఎవరికి దక్కాలో రాష్ట్రాలవారీగా ఓటర్లే తేల్చే ప్రైమరీలలో 1920 నుంచి మా రాష్ట్రానిదే మొదటిది. ఆ స్థానాన్ని డెమోక్రటిక్ జాతీయ కమిటీ 2023 ఫిబ్రవరిలో మా నుంచి తీసివేసి దక్షిణ కరోలినాకు ఇచ్చింది. 2024లో ఆ రాష్ట్రం ఫిబ్రవరి 3న, నెవాడాతో కలిసి మేము 6న ఓటు వేయాలని నిర్ణయించింది. మా రాష్ట్రం ఒప్పుకోలేదు. ఇటువంటి ఏ ఇతర ఎన్నిక కంటే అయినా కనీసం ఏడు రోజుల ముందు మా ప్రైమరీ జరగాలని ఇక్కడి చట్టమే చెబుతోంది గనుక జనవరి 23నే పోలింగ్ పెట్టారు.

ఆ రోజు నేను డెమోక్రటిక్ బ్యాలెట్ తీసుకున్నాను. ఇరవైకి పైగా పేర్లున్న ఆ కాగితంలో పదవిలో ఉన్న అధ్యక్షుడి పేరు మాత్రం లేదు, ఎందుకంటే పార్టీ నియమాన్ని గౌరవిస్తూ బైడెన్ ఇక్కడ నామినేషన్ వేయలేదు. పేర్ల చివర ఒక ఖాళీ గీత, పక్కన ఒక చిన్న సున్నా ఉంటాయి. ఆ సున్నాను నింపి, గీతపై బైడెన్ పేరు చేత్తో రాసి వచ్చాను. నాలాగే రాసినవారు దాదాపు 64 శాతం ఉన్నారు. బ్యాలెట్‌పై అచ్చయిన పేరుతో పోటీ చేసిన డీన్ ఫిలిప్స్‌కు 20 శాతానికి కాస్త తక్కువ వచ్చింది. అంటే, మీ ఎన్నికకు విలువ లేదని పార్టీ చెప్పిన తరువాత కూడా ఓటర్లు కలం పట్టుకొని వచ్చి పార్టీ నాయకుడినే గెలిపించారు. వరుస నిర్ణయం ప్రతి అధ్యక్ష ఎన్నికకూ కొత్తగా జరుగుతుంది గనుక 2028కి ఈ స్థానం మాకు తిరిగి ఇవ్వాలన్నది నా వాదన. అభ్యంతరాలుంటే చెప్పండి.

పామెట్టో (కొలంబియా, దక్షిణ కరోలినా)

గ్రానైట్‌వాసి గారూ, మీ ఓటర్ల పట్టుదలను తక్కువ చేయను. కానీ పెళ్ళి భోజనాల్లో తొలి బంతి ఏళ్ల తరబడి ఒకే ఇంటివారిదైతే మిగతా బంధువులకు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. తొలి బంతికి పదార్థాలన్నీ వేడిగా అందుతాయి. మూడో బంతి నాటికి అరిటాకు ముందు కూర్చున్నవాడికి అన్నం, చారు మిగులుతాయి. ప్రైమరీలలో జరిగేదీ అదే. మొదటి రెండు రాష్ట్రాల్లో వెనకబడిన అభ్యర్థికి విరాళాలు ఆగిపోతాయి, విలేఖరులు వెంట తిరగడం మానేస్తారు, మూడో రాష్ట్రం చేరేలోపే అతడు బరి నుంచి తప్పుకొంటాడు.

2020నే తీసుకోండి. మీకంటే ముందు, ప్రైమరీకి బదులు పార్టీ సమావేశాల్లో (కాకస్‌లలో) తేల్చిన అయోవాలో బైడెన్ నాలుగో స్థానంలో, మీ రాష్ట్రంలో ఐదో స్థానంలో నిలిచారు. మీ దగ్గర పోలింగ్ జరిగిన రోజునే ఫలితాల కోసం ఆగకుండా మా ఊరికి బయలుదేరి వచ్చారు. ఫిబ్రవరి 29న ఇక్కడ 48 శాతానికి పైగా ఓట్లతో గెలిచాక పోటీ స్వరూపమే మారిపోయింది. మా డెమోక్రటిక్ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివారు. ఆ పార్టీకి దశాబ్దాలుగా అండగా నిలిచిన ఆ ఓటర్లు నోరు విప్పేలోపే, పది మందిలో దాదాపు తొమ్మిది మంది తెల్లజాతివారైన, సుమారు పద్నాలుగు లక్షల జనాభా మాత్రమే ఉన్న ఒక రాష్ట్రం అభ్యర్థుల జాబితాను సగం కొట్టివేయడం ఏ న్యాయం?

ఓరుగల్లు పాఠకుడు

ఇక్కడ మన రాష్ట్రాల్లో బి-ఫారం ఎవరి చేతికి అందుతుందో నామినేషన్ గడువు ముగిసే రోజు మధ్యాహ్నం దాకా అభ్యర్థికే తెలియదు. అధిష్ఠానం పంపిన కవరు ఎవరిని వరిస్తే వారే అభ్యర్థి. అలాంటి చోటు నుంచి చూస్తే, టికెట్టు కోసం మామూలు ఓటరు ముందు చేతులు కట్టుకొని నిలబడే నాయకులున్న మీ ఇద్దరి తగవూ తిన్నది అరగని తగవులా కనిపిస్తోంది. కోపగించుకోకండి. నాకు అర్థం కాని విషయం ఒక్కటే: తేదీ నిర్ణయించే అధికారం పార్టీదా, రాష్ట్రానిదా?

ధర్మపీఠం (న్యూ జెర్సీ)

ఓరుగల్లు పాఠకుడి ప్రశ్నే అసలైనది, అందుకే కొంచెం విస్తరంగా రాస్తున్నాను. ప్రైమరీ పోలింగ్ నిర్వహించేది, ఖర్చు భరించేది సాధారణంగా ప్రభుత్వమే. తేదీ నిర్ణయించే అధికారాన్ని న్యూ హాంప్‌షైర్ చట్టం ఆ రాష్ట్ర కార్యదర్శికి అప్పగించింది. బిల్ గార్డనర్ అనే డెమోక్రాట్ 1976 నుంచి 2022 వరకు ఆ పదవిలో ఉండి, మరే రాష్ట్రమైనా ముందుకు జరిగితే తానింకా ముందుకు జరిగేవారు. అంటే తేదీ రాష్ట్రం చేతిలో ఉంది. అయితే ఆ పోలింగులో గెలిచిన ప్రతినిధులను, అంటే పార్టీ అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే జాతీయ మహాసభలో రాష్ట్రం తరఫున ఓటు వేసేవారిని, అక్కడ కూర్చోబెట్టాలో లేదో తేల్చుకునేది పార్టీ. విస్కాన్సిన్ వ్యవహారంలో 1981లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది: పార్టీ నియమాలకు విరుద్ధంగా ఎన్నికైన ప్రతినిధులను స్వీకరించాలని రాష్ట్రం పార్టీని బలవంతపెట్టజాలదు. తాళం ఒకరి దగ్గర, చెవి మరొకరి దగ్గర ఉన్న పెట్టె ఇది.

అందువల్ల పార్టీ చేతిలో మిగిలిన ఆయుధం ప్రతినిధుల కోత ఒక్కటే, అదీ ఎన్నడూ చివరిదాకా నిలిచింది కాదు. 2008లో ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాలు నియమం తప్పి ముందుగా పోలింగ్ జరిపినప్పుడు వారి ప్రతినిధులందరినీ రద్దు చేశారు. మిషిగన్ బ్యాలెట్ నుంచి ఒబామా తన పేరే తీయించుకున్నారు. అదే సంవత్సరం మే 31న ఒక్కొక్క ప్రతినిధికి అర ఓటు ఇచ్చి రాజీ చేశారు, ఆగస్టు మహాసభ నాటికి పూర్తి ఓటు ఇచ్చేశారు. 2024లో న్యూ హాంప్‌షైర్ విషయంలోనూ జరిగిందదే. జనవరిలో చెల్లదన్న రాష్ట్రానికి చెందిన ప్రతినిధులు ఆగస్టులో షికాగో మహాసభలో తమ స్థానాల్లో కూర్చున్నారు. నవంబరులో గెలవవలసిన రాష్ట్రాన్ని మహాసభ గుమ్మం బయట నిలబెట్టే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది?

శిక్ష అమలు కాదని తెలిసి కూడా శిక్ష ప్రకటించడం వల్ల నష్టపోయింది ఓటరని నా అభిప్రాయం. ఆ ప్రైమరీకి రెండు రోజుల ముందు బైడెన్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించి, మీ ఓటును నవంబరుకు దాచుకోండని చెప్పే ఫోన్ కాల్స్ వేలాది ఇళ్లకు వెళ్లాయి. వాటిని చేయించిన రాజకీయ సలహాదారుకు సమాచార ప్రసార నియంత్రణ సంస్థ 60 లక్షల డాలర్ల జరిమానా విధించింది గానీ, 2025 జూన్‌లో న్యూ హాంప్‌షైర్ జ్యూరీ మాత్రం అతడిని నిర్దోషిగా విడిచిపెట్టింది. పార్టీయే గుర్తించని ఆ పోలింగు అసలు ఎన్నికే కాదని, అందువల్ల ఓటు అడ్డుకున్న నేరం వర్తించదని అతడి తరఫువారు వాదించారు. జ్యూరీ మనసులో ఏముందో మనం చెప్పలేము. కానీ అటువంటి వాదనకు కోర్టు గదిలో చోటు కల్పించింది మాత్రం జాతీయ కమిటీ నిర్ణయమే.

గ్రానైట్‌వాసి

ధర్మపీఠం గారికి ధన్యవాదాలు. పామెట్టో గారి తొలి బంతి పోలిక బాగుంది గానీ, ఆ బంతిలో కూర్చున్నవారు ఏం చేశారో కూడా చూడాలి కదా. 1952లో పదవిలో ఉన్న అధ్యక్షుడు ట్రూమన్‌ను సెనేటర్ కెఫావర్ ఇక్కడ ఓడించారు, ఆ నెల తిరగకుండానే ట్రూమన్ పోటీ చేయనని ప్రకటించారు. 1968లో బ్యాలెట్‌పై పేరు లేకుండా చేతిరాత ఓట్లతోనే నెగ్గిన జాన్సన్‌కు 49 శాతం, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన మెకార్తీకి 42 శాతం వచ్చాయి. గెలిచిన అధ్యక్షుడే మార్చి 31న తప్పుకొన్నారు. అధికారంలో ఉన్నవారిని నిలదీసే ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. 2024లో కూడా వెయ్యి మందికి పైగా ఓటర్లు ఆ ఖాళీ గీతపై ఏ మనిషి పేరూ రాయకుండా గాజాలో కాల్పుల విరమణ కోరుతూ ఆ మాటే రాశారు.

ఇక ఖర్చు సంగతి. వెయ్యి డాలర్ల రుసుము కడితే ఎవరైనా ఇక్కడ నామినేషన్ వేయవచ్చు. రాష్ట్రం చిన్నది గనుక టీవీ ప్రకటనలకు డబ్బు లేని అభ్యర్థి కూడా కారులో తిరిగి అన్ని ఊళ్లూ చూడగలడు. ఏ పార్టీకీ చెందని ఓటరు పోలింగ్ రోజున తనకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడగవచ్చు. నేను చేసిందదే, తిరిగి వస్తూ తలుపు దగ్గరి బల్లపై సంతకం పెట్టి మళ్లీ ఏ పార్టీకీ చెందనివాడినయ్యాను. పక్క బల్ల దగ్గర వరుసలో నిలుచున్న ఒక పెద్దాయన, మనవాడే, పేరు తప్పుగా రాస్తే ఓటు పోతుందేమోనని గుమస్తాను అడుగుతున్నారు. ఎవరిని ఉద్దేశించారో తెలిస్తే చాలునని ఆమె చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు ఇంకా గుర్తుంది. పౌరసత్వం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి వేసిన ఓటును విలువ లేనిదంటే ఆయనకు ఏమని చెప్పాలి?

పామెట్టో

పెద్దాయనకు ఏమీ చెప్పనక్కర లేదు, ఆయన ఓటు లెక్కలోకి వచ్చింది. నేనడిగేది మా వీధిలోని పెద్దాయనల గురించి. చరిత్ర మీరే తెచ్చారు గనుక చెబుతున్నాను: 1952 నుంచి 1988 వరకు అధ్యక్షులుగా ఎన్నికైనవారందరూ మీ దగ్గర గెలిచినవారే, నిజం. ఆ తరువాత క్లింటన్ 1992లో, బుష్ 2000లో, ఒబామా 2008లో, బైడెన్ 2020లో మీ దగ్గర ఓడి అధ్యక్షులయ్యారు. వీరిలో ముగ్గురు డెమోక్రాట్లు. ఆ పార్టీ ఓటరు మారాడు, మీ బంతి మారలేదు.

ధర్మపీఠం

ఆ లెక్క గట్టిదే. అయితే రెండో వైపు కూడా చూడండి. దక్షిణ కరోలినా నవంబరు ఎన్నికలో డెమోక్రాట్లను 1976 తరువాత మళ్లీ గెలిపించలేదు. న్యూ హాంప్‌షైర్ 2004 నుంచి ప్రతిసారీ గెలిపించింది. 2024 ప్రైమరీలో దక్షిణ కరోలినాలో బైడెన్‌కు 96 శాతం రావడం కూడా వరుస మార్పు ఫలితమని ఎవరూ అనలేరు, అక్కడ చెప్పుకోదగ్గ పోటీయే లేదు. కొత్త వరుసను పోటీ ఉన్న సంవత్సరంలో ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. వంతులవారీగా మార్చుకోమంటే వినడానికి బాగుంటుంది. కానీ తేదీలు మార్చాలంటే చాలా రాష్ట్రాల్లో శాసనసభ చట్టం చేయాలి, న్యూ హాంప్‌షైర్ చట్టం ఉన్నంతకాలం ఎవరికి వంతు వచ్చినా వారికంటే ఏడు రోజుల ముందుకు ఆ రాష్ట్రం జరుగుతుంది.

గ్రానైట్‌వాసి

జరుగుతుంది, దాచడం దేనికి. పామెట్టో గారి లెక్కకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, 1992 తరువాతి వరుస నన్నూ ఆలోచనలో పడేసింది. మీ రాష్ట్రం మాతో పాటు ఒకే రోజున ఓటు వేస్తే నాకు అభ్యంతరం లేదు. మా చట్టానికి మాత్రం ఉంది, దాన్ని మార్చమని మా శాసనసభలోని నాలుగు వందల మంది ప్రతినిధుల్లో ఒక్కరిని ఒప్పించడానికి కూడా నాకు కనీసం ఒక చలికాలం పడుతుంది.