రంగం వెళ్లిన కూలీల చరిత్ర: యూనివర్సిటీ లైబ్రరీలో ఎక్కడ మొదలుపెట్టాలి?

బారువ పిల్ల:

అందరికీ నమస్కారం. నేను హిస్టరీలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. 1900 నుంచి 1942 దాకా ఉత్తరాంధ్ర నుంచి బర్మాలోని రంగూన్ (మా వైపు రంగం అంటారు) వెళ్లిన కూలీల మీద పని చేస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా బారువ పక్కన పల్లె. మా తాతగారి నాన్న రంగం వెళ్లి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడట. ఆయన గురించి మా నాయనమ్మని ఎంత కదిపినా "రంగమెల్లిపోనాడు, మరి రానేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

లైబ్రరీ కంప్యూటర్లో ఇంగ్లిష్‌లో "తెలుగూస్ ఇన్ మయన్మార్" అని కొడితే సున్నా. "ఇండియన్ డయాస్పోరా" అని కొడితే డాలర్లు, వీసాలు, ఐటీ వాళ్ల మీద పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి. పాత ప్రభుత్వ రిపోర్టుల గదికి తాళం. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్తున్నారు. హాస్టల్ నుంచి జర్నల్స్ ఓపెన్ కావు. గైడ్ గారు "ప్రైమరీ సోర్సెస్ చూడమ్మా" అంటారు, ఏవి, ఎక్కడ అంటే నవ్వుతారు.

ఇంకో డౌటు. దక్షిణాఫ్రికాలోని నాటాల్, ఫిజీ వెళ్లిన వాళ్ల పేర్లూ ఊళ్లూ రికార్డుల్లో దొరుకుతున్నాయి కదా, రంగూన్ వాళ్ల లిస్టు ఎక్కడ ఉంటుంది? ఫెలోషిప్ ఇంకా పడలేదు కాబట్టి లండన్ వెళ్లమని మాత్రం దయచేసి చెప్పకండి.

థీసిస్ టెన్షన్:

హాస్టల్ సంగతి ముందు చెప్తా. మీ లైబ్రరీలో ఈ-రిసోర్సెస్ చూసే ఆయన ఎవరో ఒకరుంటారు, పట్టుకుని ఇన్‌ఫెడ్ లాగిన్ (క్యాంపస్ బయటి నుంచి కూడా జర్నల్స్ తెరిచేది) అడగండి. చాలామంది అడగరు కాబట్టి వాళ్లూ చెప్పరు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కేంద్రమే జర్నల్స్ కొనిచ్చే పథకం) నడుస్తోంది. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కేంబ్రిడ్జ్ వాళ్ల మోడర్న్ ఏషియన్ స్టడీస్, సేజ్ వాళ్ల ఇండియన్ ఎకనమిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ దాని కింద రావాలి. మీ టాపిక్‌కి ఈ రెండూ తిరగేస్తే చాలా దొరుకుతుంది. జేస్టోర్ అనే జర్నల్ వ్యాసాల సైట్లో సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా స్క్రీన్ మీద చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు.

మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్లో పాత థీసిస్‌లు కూడా చూడండి. నేనైతే చివరి పేజీల్లోని గ్రంథసూచి దించుకుని బయటికొచ్చేస్తాను. ఎవరెవరు ఏ ఆర్కైవ్‌లో ఏ ఫైలు చూశారో అక్కడే తెలిసిపోతుంది.

పాత బీరువా:

అమ్మా, నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. నీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే దాని మీదే నీ ఏడాది ఆధారపడి ఉంది.

రంగూన్ వాళ్లకి అలాంటి లిస్టు లేదు. నాటాల్ వెళ్లినవాడు ఒప్పందం కూలీ. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911లో ఆ పద్ధతి ఆగేదాకా దాదాపు లక్షా యాభై రెండు వేల మందికి ఒక్కొక్కరికీ నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసుకున్నారు. మనిషి పారిపోతే పట్టుకోవడానికి అవన్నీ వాళ్లకి కావాలి మరి. బర్మా సంగతి వేరు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ముక్క. కాకినాడలో ఓడెక్కి రంగూన్‌లో దిగినవాడు చట్టం లెక్కన దేశం దాటలేదు. కూలీలను కుదిర్చే మేస్త్రి అడ్వాన్సు ఇచ్చాడు, టికెట్ తీశాడు, ఇతను ఎక్కాడు, అంతే. పేరు రాసుకున్నవాడు ఎవరైనా ఉంటే ఆ మేస్త్రే. ఆ చిట్టాలు ఏ లైబ్రరీకీ రాలేదు.

అందుకని మీ ముత్తాతగారి పేరు వెతకడం పక్కన పెట్టు. ఆయన చేసిన పనిని వెతుకు. ఊరికే ఉన్న కూలీ గురించి సర్కారు ఒక్క లైను కూడా రాయలేదు. రోగం వచ్చినా, సమ్మె జరిగినా, కొట్లాట అయినా, ఒక గదిలో పట్టనంత మంది పడుకున్నా అప్పుడు పేజీలకు పేజీలు రాసింది. 1930 మే నెలే చూడు. రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు, కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి దించాయి. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లను వెనక్కి పిలిచి వాళ్లను పొమ్మన్నారు. 26వ తేదీన కొట్లాట మొదలైంది, ఎందరో చచ్చిపోయారు. ఆ తర్వాత పదేళ్లలో వచ్చిన రిపోర్టులన్నిటికీ ఆ ఘటన నీడ ఉంటుంది.

నువ్వు చూడాల్సినవి నాలుగు. 1931 జనాభా లెక్కల్లో బర్మా వాల్యూమ్ (పదకొండోది). అదే ఏడాది అచ్చయిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ వాళ్ల సాక్ష్యాల్లో బర్మా వాల్యూమ్ (పదోది). రంగూన్‌లో వలస కూలీల వ్యవహారం చూసిన అధికారి ఆండ్రూ 1933లో వేసిన "ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్". 1941లో బ్యాక్స్‌టర్ ఇచ్చిన వలసల నివేదిక. ఆండ్రూ పుస్తకాన్ని రచయిత పేరు మీద వెతికినా దొరుకుతుంది. మిగతావాటిని కేటలాగులో చాలాచోట్ల "ఇండియా", "గ్రేట్ బ్రిటన్", "బర్మా" అనే ప్రభుత్వాల పేర్ల కింద ఎక్కించి ఉంటారు. బ్యాక్స్‌టర్ అని కొట్టి లేదనుకుని వెళ్లిపోయిన వాళ్లని నా సర్వీసులో చాలామందిని చూశాను. పుస్తకమేమో వెనక అలమరలోనే ఉండేది.

జనాభా లెక్కలు చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త. బర్మాలో ఆ లెక్క ఫిబ్రవరిలో తీశారు. అది ధాన్యం మిల్లులకొచ్చే కాలం, మనవాళ్లు నిండుగా ఉండే నెలలు. పని అయిపోగానే ఎండాకాలంలో వేలమంది తిరుగు ఓడ ఎక్కేవాళ్లు. కాబట్టి ఆ అంకె చూసి ఇంతమంది అక్కడ స్థిరపడ్డారని రాస్తే వైవాలో దొరికిపోతావు. మగవాళ్ల అంకె పక్కన ఆడవాళ్ల అంకె పెట్టి చూడు, కాపురాలు ఉన్నాయో లేవో అక్కడే తెలుస్తుంది. జాతి పట్టిక వేరు, భాష పట్టిక వేరు, రెండూ ఒకటి కావు. 1941 లెక్కలు యుద్ధంలో చాలా మటుకు పోయాయి కాబట్టి నీ కాలానికి పూర్తిగా దొరికే ఆఖరి లెక్క ఇదే.

కంప్యూటర్లో ఏం కొట్టాలంటే: మయన్మార్ వద్దు, బర్మా. కాకినాడకి కోకనాడ, విశాఖకి విజగపటం, భీమిలికి బిమ్లిపటం. మన కూలీలను అక్కడ కోరంగీలనేవారు, దానికి ఇంగ్లిష్‌లో నాలుగైదు స్పెల్లింగులున్నాయి, అన్నీ వేసి చూడు. తలైంగ్ అని కనిపిస్తే మనవాళ్లేననుకోకు, అది బర్మాలోని మోన్ జాతికి వాడిన పేరు.

మీ ఊరి విషయంలో ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో. 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా సోంపేట, ఇచ్ఛాపురం, టెక్కలి అన్నీ గంజాం జిల్లా. కాబట్టి మీ బారువ కాగితాలు గంజాం పేరు కింద ఉంటాయి. 1936 తర్వాతవి విశాఖపట్నం కింద చూడాలి. భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్ మీకు హైదరాబాద్ కన్నా దగ్గర. చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వెళ్లక తప్పదు. మద్రాసు ప్రభుత్వ జీవోలే కాక, దేశభాషా పత్రికలు ఏం రాస్తున్నాయో సర్కారు వారంవారం ఇంగ్లిష్‌లోకి సారాంశం తీయించిన రిపోర్టులూ అక్కడ ఉన్నాయి. కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక రంగూన్ గురించి ఏమన్నాయో వాటిలో తేదీ పట్టుకుని, అసలు సంచిక కోసం వేటపాలెం సారస్వత నికేతనం వెళ్లు. 1918 నాటి లైబ్రరీ, పాత పత్రికలు అంత శ్రద్ధగా దాచిన చోట్లు మనకి తక్కువ. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లయితే అభిలేఖ్ పటల్ సైట్లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ ల్యాండ్స్ శాఖలో ఓవర్సీస్ విభాగం చూడు.

ఇక తాళం గది. పాత ప్రభుత్వ ప్రచురణలు చాలా లైబ్రరీల్లో కంప్యూటర్లోకి ఎక్కనే లేదు. అందుకని మనిషిని గది తెరవమని అడిగే ముందు యాక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే పుస్తకం) చూపించమని అడుగు. అందులో నంబరు దొరికితే, గైడ్ సంతకంతో ఆ నంబరు వేసి లైబ్రేరియన్‌కి ఉత్తరం ఇవ్వు. "పాత రిపోర్టులు చూడాలి" అంటే రేపు రమ్మంటారు. నంబరుతో అడిగితే ఇది లేదని చెప్పడానికైనా లోపలికి వెళ్లి చూడాలి కదా. స్టాక్ రూమ్‌లో పుస్తకాలు సర్దే అటెండర్‌తో పరిచయం పెంచుకో. ఏ బీరువా వెనక ఏముందో మా అందరికన్నా ఆయనకే తెలుసు.

కొలంబస్ కుర్రాడు:

బీరువా గారి పోస్టుకి ఒక అతుకు. నేను ఒహాయోలో చదువుకుంటున్నాను, నా సబ్జెక్ట్ వేరు గానీ ఎత్నిక్ స్టడీస్ (జాతుల, వలస సమూహాల చరిత్ర చదివే సబ్జెక్ట్) కోర్సు ఒకటి తీసుకున్నాను. ఇక్కడ ఆ సబ్జెక్ట్ ఉందంటేనే 1968-69లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు నెలల తరబడి చేసిన సమ్మె వల్ల. అందుకేనేమో క్లాసులో మొదటి వారమే లైబ్రేరియన్‌ని పిలిపించి, కేటలాగు ఎవరి కళ్లతో తయారైందో చెప్పించారు.

అమెరికా లైబ్రరీల కేటలాగుల్లో బయట దేశాల్లోని మనవాళ్లను చాలాకాలం "ఈస్ట్ ఇండియన్స్" అనే శీర్షిక కింద పెట్టారు. "ఈస్ట్ ఇండియన్స్, బర్మా" అని సబ్జెక్ట్ బాక్సులో కొట్టండి (టైటిల్ బాక్సులో కాదు). "తెలుగు (ఇండిక్ పీపుల్)" అని ఇంకో శీర్షిక ఉంది. చాలా లైబ్రరీల కేటలాగులు ఒకేచోట ఉండే వరల్డ్‌క్యాట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు.

స్కాన్ చేసిన పుస్తకాలుండే హాథీట్రస్ట్ సైట్లో మీకు చాలా పుస్తకాలు చదవడానికి తెరుచుకోవు, కానీ లోపల మాట వెతకనిస్తుంది. "కోరంగీ" స్పెల్లింగులు వేస్తే ఏయే పేజీల్లో ఉందో నంబర్లు చెప్తుంది. ఆ పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అదే పుస్తకం స్కాన్ తీసి చూసుకోవచ్చు. అక్కడ లేకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఇక్కడి నుంచి తెరుచుకునేవి కొన్ని ఉంటాయి. సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్ జేస్టోర్ మీదే ఉంది, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

బర్మా క్యాంపు వాసి:

మాది విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. మీరంతా పుస్తకాలు చెప్పారు, మంచిదే. మా వీధిలో రేకు పెట్టెల్లో ఉన్నవి కూడా చూడండి మేడమ్. 1962లో బర్మాలో జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో షాపులూ అవీ జాతీయం చేశాక వచ్చేసిన కుటుంబాలు మావి. విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డులు, ఓడ టికెట్లు, బర్మా లిపిలో రసీదులు కొందరు ఇప్పటికీ దాచుకున్నారు. అందులో నాన్న పేరు, పుట్టిన ఊరు, చేసే పని అన్నీ ఉంటాయి. ఇందాక లేవన్న పేర్లు ఇక్కడున్నాయి.

ఒకటి మాత్రం గట్టిగా అడిగి తేల్చుకోండి: 1942లో జపాన్ దాడి చేసినప్పుడు నడిచి వచ్చిన వాళ్ల కథా, 1964 తర్వాత ఓడలో వచ్చిన వాళ్ల కథా పెద్దవాళ్ల నోట్లో కలిసిపోతాయి. మా మావయ్య తను పుట్టకముందు జరిగిన నడక కూడా తనే నడిచినట్టు చెప్తాడు! ఏ దారిన వచ్చారో అడగండి. తము మీదుగా మణిపూర్ అన్నా, అరకాన్ మీదుగా చిట్టగాంగ్ అన్నా అది 1942. ఇంకో మాట. ఇంతకుముందు ఒకరిద్దరు వచ్చి కాగితాలు పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. అందుకే మావాళ్లు కొంచెం బిగుసుకుంటారు. ఫోన్లో ఫొటో తీసుకుని కాగితం అక్కడే ఇచ్చేయండి, ఏమీ అనరు.

బారువ పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. గంజాం అని కొట్టగానే మా కేటలాగులోనే పాత మాన్యువల్, సెటిల్‌మెంట్ రిపోర్టులు వచ్చాయి. రిజిస్టర్లో కమిషన్ వాల్యూమ్ నంబరు కూడా దొరికింది, ఉత్తరం ఇచ్చాను. సోమవారం రమ్మన్నారు. లిస్టు లేదన్న మాట చదివి కొంచెం దిగులేసింది గానీ, ఇప్పుడు తెలియడమే నయం. బర్మా క్యాంపు అన్నయ్యా, మీకు విడిగా మెసేజ్ పెట్టాను. బీరువా సార్, గదిలో ఫొటోలు తీసుకోనిస్తే ఎలా తీయాలి, ఫుట్‌నోట్‌లో ఏం రాయాలి?

పాత బీరువా:

ముందు టైటిల్ పేజీ తియ్యి. తర్వాత లైబ్రరీ ముద్ర, యాక్సెషన్ నంబరు ఉన్న పేజీ. ఆ తర్వాతే నీకు కావలసిన పేజీలు, పేజీ నంబరు ఫ్రేములో పడేలా. ఫ్లాష్ వద్దు, జిరాక్స్ అసలే వద్దు, ఆ కాలం కాగితం మడత దగ్గర విరుగుతుంది. పూర్తిగా తెరిచి బల్లకి నొక్కకు, రెండు పక్కలా రెండు పుస్తకాలు ఆనించి సగం తెరువు. కమిషన్ సాక్ష్యాల్లో సాక్షి ఎవరో తప్పకుండా రాసుకో. మిల్లు యజమాని చెప్పిన కూలి రేటూ, కార్మిక సంఘం మనిషి చెప్పిన రేటూ ఒకే వాల్యూమ్‌లో ఉంటాయి. సాక్షి పేరు లేని ఫుట్‌నోట్ ఎందుకూ పనికిరాదు.

జనాభా లెక్కల వాల్యూమ్‌లో మడతపెట్టిన పటాలు, పెద్ద పట్టికలు ఉంటే విప్పి తీసుకో. ఆన్‌లైన్ స్కానుల్లో చాలావాటిని మడత విప్పకుండానే తీశారు, అక్కడ నీకు తెల్ల కాగితం వీపు తప్ప ఏమీ కనిపించదు.