యూఎస్‌బీలో ఏం పెట్టినా గుర్తించడం లేదు, అర్జంటు

కావలి అబ్బాయి:
పొద్దుటి నుంచి దీంతోనే కుస్తీ. పెన్ డ్రైవ్, ప్రింటర్, కీబోర్డు, మౌస్, ఏది పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ముందు పోర్టులు, వెనక పోర్టులు అన్నీ చూశా. కరెంటు వైరు పీకి పవర్ బటన్ నొక్కి పట్టుకోమంటే అదీ చేశా. పెళ్లివాళ్లు పెళ్లి కార్డుల ప్రూఫు కోసం మా డీటీపీ షాపులోనే కూర్చున్నారు, ఒకటే టెన్షన్. పోర్టులు కాలిపోయినట్టేనా? ఫోన్లో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోవద్దు.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
కంప్యూటర్ మదర్‌బోర్డు ఏది? విండోస్ ఏది?

కావలి అబ్బాయి:
మామూలు డెస్క్‌టాపే అన్నా. మొన్నటిదాకా బ్రహ్మాండంగా పనిచేసింది.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
నేనడిగింది అది కాదు.

సింగరాయకొండ కుర్రోడు:
విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైస్ మేనేజర్లోకి పోయి, పోర్టుల్ని నడిపే యూఎస్‌బీ కంట్రోలర్లన్నీ అన్‌ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చెయ్ అన్నా. నాకు అలాగే సెట్ అయింది.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
మౌసూ కీబోర్డూ రెండూ లేకుండా డివైస్ మేనేజర్లోకి ఎట్లా పోతాడబ్బా, దండం పెట్టుకునా?

తెలుగక్షరం:
పెళ్లి కార్డులన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇంకా యూనికోడ్ కాని పాత అను తెలుగు ఫాంట్లేనా? యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒకే కోడ్ పద్ధతి, అందులో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. అయినా మన డీటీపీ వాళ్లు కదలరు. అను ఫైలు ఇంకో సిస్టంలో తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. వెతుకుదామంటే ఒక్క మాటా దొరకదు. అసలు సమస్య ఇక్కడుంది.

కావలి అబ్బాయి:
అవును సార్, అను ఫాంట్లు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే. అందుకే కదా విండోస్ 7 వదల్లేదు. మొన్న బోర్డు పోతే సెకండ్ హ్యాండ్‌ది వేయించా. బోర్డు హెచ్110 అన్నారు, ప్రాసెసర్ ఇంటెల్ ఐ3 ఆరో జనరేషన్. హార్డ్ డిస్క్ మాత్రం పాతదే, ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
ఇదీ చెప్పాల్సింది! ఆన్ చేయగానే డిలీట్ నొక్కితే బయోస్, అదే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర, వస్తోందా? మౌస్ కింద ఎర్ర లైటు ఎప్పుడు ఆరిపోతోంది?

కావలి అబ్బాయి:
బయోస్‌లో కీబోర్డు బాగానే ఉంది. విండోస్ బొమ్మలో రంగులు కలుస్తాయే, అక్కడే టక్కున లైటు ఆరిపోతోంది.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
పోర్టులు కాలలేదు, నిశ్చింతగా ఉండు. విండోస్ 7 వచ్చింది 2009లో, దాంట్లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్, అంటే ఆ కొత్త రకం యూఎస్‌బీని నడిపే సాఫ్ట్‌వేర్, లేదు. 2015లో వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్ల (బోర్డు మీది ప్రధాన చిప్పులు, నీ హెచ్110 వాటిలోదే) నుంచి ఇంటెల్ పాత 2.0 కంట్రోలర్ తీసేసింది. అంటే ఉన్న పోర్టులన్నీ కొత్త కంట్రోలర్ కిందే. బయోస్‌కి అది తెలుసు, సెవెన్‌కి తెలియదు.

సింగరాయకొండ కుర్రోడు:
వెనక నల్ల పోర్టులు 2.0 కదన్నా, వాటిల్లో పెడితే సరిపోద్ది. నీలం రంగువే 3.0.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
రంగు చూసి కంట్రోలర్ చెప్పలేం. ఆ కిటుకు నాలుగో జనరేషన్ బోర్డుల దాకే. దీంట్లో నల్లవి కూడా కొత్త కంట్రోలర్ మీదే నడుస్తాయి.

సింగరాయకొండ కుర్రోడు:
మా షాపులో పనిచేశాయే మరి.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
బోర్డు నంబరు చెప్పి మాట్లాడు.

కావలి అబ్బాయి:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. నేనేం చెయ్యాలి?

రిపేరు బాబాయ్, ఒంగోలు:
వెనక గుండ్రటి పోర్టు ఉంటుంది, ఊదా, పచ్చ రంగులో. దానికి పాత పీఎస్2 కీబోర్డు సంపాదించు. సిస్టం ఆపేసే పెట్టు, నడుస్తుండగా పెడితే గుర్తించదు. పెన్ డ్రైవ్ పనిచేయదు కాబట్టి హార్డ్ డిస్క్ విప్పి పక్క సిస్టానికి తగిలించు. ముందు శుభలేఖల ఫోల్డర్లన్నీ కాపీ తీసుకో. తర్వాత బోర్డు కంపెనీ సైటు నుంచి విండోస్ 7కి ఇంటెల్ యూఎస్‌బీ 3.0 డ్రైవర్ దించి, జిప్ విప్పి ఆ హార్డ్ డిస్క్‌లో వేయి. డిస్క్ మళ్లీ బిగించాక విండోస్ కీ, ఇంగ్లీషు E అక్షరం కలిపి నొక్కు, బాణాలతో ఆ ఫోల్డర్‌కి పోయి సెటప్ మీద ఎంటర్ కొట్టు. డీవీడీ డ్రైవ్ ఉంటే ఈ విప్పుడు గొడవ లేదు, బోర్డుతో వచ్చిన సీడీ చాలు. సెకండ్ హ్యాండ్‌కి సీడీ ఎవరిస్తారులే.

తెలుగక్షరం:
ఇంత తిప్పలు పడే బదులు యూనికోడ్‌కి మారితే విండోస్ 10 వేసుకోవచ్చు. సెవెన్‌కి 2020 జనవరిలోనే సపోర్టు ఆగిపోయింది.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
పదికి కూడా 2025 అక్టోబర్లో ఆగింది సామీ. ఈ ప్రాసెసర్ పదకొండుకి పనికిరాదు.

తెలుగక్షరం:
నేను చెప్పేది ఫాంట్ల గురించి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సీఎస్6 వెర్షన్ నుంచి యూనికోడ్ తెలుగు వస్తోంది.

నెల్లూరు ఆఫ్‌సెట్:
వస్తుంది సార్, కానీ ఇన్నేళ్ల పాత ఫైళ్లు మళ్లీ ఎవరు కొడతారు? పెళ్లివాళ్లు ఏ ఫాంటని అడగరు, ఎప్పుడిస్తావనే అడుగుతారు.

తెలుగక్షరం:
అందుకు అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి.

నెల్లూరు ఆఫ్‌సెట్:
వత్తులు ఎక్కడెక్కడికో పోతాయి. వాడి చూశాకే చెబుతున్నా.

కావలి అబ్బాయి:
పక్క స్టేషనరీ షాపులో పాత కీబోర్డు దొరికింది. డ్రైవర్ ఎక్కింది, మౌస్ లైటు వెలిగింది. ప్రింటర్ ఇంకా పెట్టి చూడలేదు. థాంక్స్ అన్నా, పార్టీ వాళ్లు తొందరపెడుతున్నారు, ఉంటా.

రిపేరు బాబాయ్, ఒంగోలు:
ఫైళ్లు కాపీ తీశావా మరి?

తెలుగక్షరం:
ఏ కన్వర్టర్ వాడారు ఆఫ్‌సెట్ గారూ?