జర్నీ లాంటి ఆట ఇంకేదైనా ఉందా?

2012లో వచ్చిన జర్నీ అనే వీడియో గేమ్ ఆడి చాలా ఏళ్లయినా అది నా మనసులోంచి పోవడం లేదు. దారిలో ముక్కూముఖం తెలియని మరో ఆటగాడు తోడొస్తాడు, పేరు కనిపించదు, చాట్ ఉండదు, చిన్న శబ్దం చేసి పిలుచుకోవడం తప్ప మాట్లాడే వీలే లేదు, అయినా ఆ మంచుగాలిలో ఇద్దరం ఒకరినొకరు ఆనుకుని నడుస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఆ తోడొచ్చిన వ్యక్తి పేరేంటో ఆట అయ్యాకే తెలిసింది.

షాడో ఆఫ్ ది కొలోసస్ కూడా అంతే, 16 మహాకాయాలను కూల్చాలి, కానీ ఒక్కొక్కటీ పడిపోతుంటే గెలిచిన సంతోషం కంటే బాధే ఎక్కువ.

మిమ్మల్ని ఇలా వెంటాడిన ఆటలేంటి, ఎందుకు గుర్తుండిపోయాయి? పీసీలో దొరికేవైతే మేలు. గ్రాఫిక్స్ పాతవైనా పర్లేదు, కథ మాత్రం ముందే చెప్పేయకండి, ప్లీజ్.