ఓపినెల్ మడత చాకు పిడి నల్లగా చేద్దామనుకుంటున్నా, ఇంట్లో అయ్యే పనేనా?

పుచ్చకాయ_బ్యాచ్:
అందరికీ నమస్తే. మా బావ ఫ్రాన్స్ నుంచి వస్తూ ఓపినెల్ 8వ నంబర్ చాకు తెచ్చిచ్చాడు, కార్బన్ స్టీల్ ది, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పిడి బీచ్ అనే చెట్టు కర్ర. చాకు సూపర్ కానీ పిడి మరీ పసుపుగా మెరుస్తా బొమ్మలా ఉంది. వార్నిష్ గీకేసి నల్లగా చేద్దామని ఉంది. షూ పాలిష్ పూస్తే అవుద్దా? ఇంకో సమస్య, మొన్న పుచ్చకాయ కోసి కుళాయి కింద బాగా కడిగి పెట్టా, రెండు గంటల తర్వాత చూస్తే తెరుచుకోదు! గోరు ఊడినంత పనైంది. పాడైపోయిందా?

రంపంపొట్టు:
పాడవలేదు బ్రో, పిడి నీళ్ళు తాగి ఉబ్బి బ్లేడుని రెండు పక్కల్నించి పట్టేసింది, అంతే. వర్షాకాలంలో మా ఇంటి తలుపుదీ ఇదే కథ. ఫ్యాన్ కింద రెండ్రోజులు వదిలెయ్, ఎండలో మాత్రం పెట్టకు, పగులుద్ది. అర్జెంటుగా తెరవాలంటే బ్లేడుని లాక్ చేసే రింగు తిప్పి పిడి చివర్ని బల్ల అంచుకేసి టకటక కొడితే బ్లేడు మొన కాస్త బయటికొస్తుంది, ఆ చాకు పుట్టిన సవోయ్ ప్రాంతం పేరుమీదే ఆ దెబ్బకి పేరు కూడా ఉంది. ఇకముందు కుళాయి కింద పెట్టకు, తడిగుడ్డతో తుడువు చాలు.
షూ పాలిష్ వద్దు, దాంతోనే జామకాయ కోసుకుని తింటావు కదా.

కరక్కాయ_కషాయం:
నల్లరంగు గురించి నేను చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి. మా అమ్మమ్మ వాళ్ళది శ్రీకాళహస్తి. కలంకారీ వాళ్ళు గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఆరేస్తారు, ఇంకోపక్క తుప్పుపట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు, ఆ నీళ్ళలో కలం ముంచి గుడ్డమీద గీస్తే గీత నల్లగా మారిపోద్ది. కరక్కాయలో ఉండే వగరుకి ఇనుము తగిలితే నలుపు, అరటికాయ కోసినప్పుడు కత్తి నల్లబడేదీ అందుకే. కర్రమీదా సేమ్ ట్రిక్కు. బీచ్ కర్రలో సొంత వగరు తక్కువ కాబట్టి మనమే పట్టించాలి.

ముందు బ్లేడు తెరిచి రింగుతో లాక్ చేసి (1955 నుంచి వస్తున్న రింగు అది, అంతకుముందు ఓపినెల్ చాకులకి లాకే లేదు) అంచుకి నాలుగు చుట్లు మాస్కింగ్ టేపు వెయ్యి, ఇది మానేస్తే మిగతా పనంతా ఒక చేత్తోనే చేసుకోవాలి. 120 నంబర్ సాండ్ పేపర్ తో వార్నిష్ మొత్తం తీసెయ్, తర్వాత 240, చివర్లో 400. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగు లేస్తుంది, ఆరాక మళ్ళీ 400. కరక్కాయ పొడి వేడినీళ్ళలో కలిపి వడకట్టి బ్రష్ తో రెండు కోట్లు పూసి ఆరనివ్వు. ముంచకు, బ్లేడు దిగే గాడిలోకి నీళ్ళు పోతే మళ్ళీ ఉబ్బుద్ది.

ఇనప నీళ్ళకి బెల్లం అక్కర్లేదు, తుప్పుపట్టిన మేకులు వెనిగర్ లో నాలుగైదు రోజులు ఉంచు, మూత వదులుగా పెట్టు, గ్యాస్ వస్తుంది. స్టీల్ స్క్రబ్బర్ వెయ్యకు, స్టెయిన్‌లెస్ కరగదు. వడకట్టి పిడికి రాస్తే నీ కళ్ళముందే నల్లబడుద్ది. చాలకపోతే మళ్ళీ కరక్కాయ, మళ్ళీ ఇనుము. చివర్లో వంటసోడా నీళ్ళు పిండిన గుడ్డతో తుడిచి, బాగా ఆరాక అవిసె నూనె పల్చగా పట్టించు. వేరుశనగ నూనె వద్దు, అది గట్టిపడదు, జిడ్డుగానే ఉంటది.

రంపంపొట్టు:
అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి డస్ట్‌బిన్ లో పడేయకండి!! అది ఆరేటప్పుడు వేడి పుడుద్ది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి పడెయ్యండి.
నన్నడిగితే వార్నిష్ తీయకపోవడమే బెటర్, మన ఉక్కపోతకి అదొక్కటే అడ్డం. అయినా ఎవరి సరదా వాళ్ళది.

ఆవకాయ్_అక్క:
పిడి సరే, బ్లేడు సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి. కార్బన్ స్టీల్ కాబట్టి రెండు పచ్చిమామిడికాయలు కోసి తుడవకుండా పది నిమిషాలు వదిలెయ్ తమ్ముడూ, నీలం బూడిద కలిసిన రంగొస్తుంది. ఆ పొర ఉంటే ఎర్రతుప్పు అంత త్వరగా పట్టదు. సీజన్ కాకపోతే చింతపండు గుజ్జు. తర్వాత కడిగి తుడిచి చుక్క నూనె. ఆ రంగు చూసి పీచుతో తోమెయ్యకు, మా ఆయన అదే చేశాడు.

పుచ్చకాయ_బ్యాచ్:
అక్కా, అన్నలూ, చేసేశా. రెండో కోటుకి బొగ్గులా వచ్చింది, రింగు పక్కన ఓ చోట మాత్రం వార్నిష్ సరిగ్గా పోలేదనుకుంటా, అక్కడ గోధుమరంగు మచ్చ మిగిలింది. గాడి లోపల సాండ్ పేపర్ మడిచి కాస్త రుద్ది తేనెమైనం రాశా, ఇప్పుడు ఒక్కవేలితో తెరుచుకుంటోంది. గ్లవ్స్ వేసుకోమని ఎవరూ చెప్పలేదు, వేళ్ళు నల్లగా అయిపోయాయి, నిమ్మకాయతో రుద్దుతున్నా. బావ వీడియో కాల్ లో చూసి అసలు చాకు ఎక్కడ పారేశావురా అంటున్నాడు.