బెంజి సర్కిల్‌లో ‘జి’ ఎక్కడిది?

విజయవాడ పటమట నుంచి ఒక తల్లి:

అందరికీ నమస్కారమండీ. మా పాప ఆరో తరగతి. మా ఊళ్లోని బెంజ్ సర్కిల్ కూడలిని ఇంట్లో అందరం ‘బెంజి సర్కిల్’ అనే అంటాం, ఆటోవాళ్లూ అదే అంటారు. బళ్లో మాత్రం అక్కడ ‘జి’ కాదు, జెడ్ పలకాలని పాపను నిలబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించారట. రాక ఏడుస్తూ ఇంటికొచ్చింది. జెడ్‌కీ మన ‘జ’కీ తేడా ఏంటో, అది నోట్లో ఎక్కడ పుడుతుందో కాస్త చెప్పగలరా? నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తెలుగు మాస్టారు:

అమ్మా, తెలుగు మీడియంలో చదవడమే ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఏ భాషలో హల్లు గురించైనా అడగాల్సినవి మూడే: గాలిని ఎక్కడ అడ్డుకున్నాం, ఎలా అడ్డుకున్నాం, అప్పుడు కంఠం మోగిందా లేదా. మొదటిది స్థానం, రెండోది ప్రయత్నం, మూడోది నాదమా (కంఠం మోగేది) శ్వాసమా (మోగనిది) అన్న సంగతి. మన వర్గాక్షరాలు ఈ లెక్క ప్రకారమే కూర్చున్నాయి. కవర్గం గొంతు దగ్గర మొదలై పవర్గం పెదవుల దగ్గర ముగుస్తుంది. ఒక్కో వర్గంలో మొదటి రెండూ శ్వాసాలు, తర్వాతి రెండూ నాదాలు, చివరిది అనునాసికం, అంటే ముక్కుతో పలికేది. 1886లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం వాళ్ల పట్టికా ఈ మూడు ప్రశ్నల మీదే నడుస్తుంది, కాకపోతే పెదవుల దగ్గర మొదలై గొంతులో ముగుస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలను పక్కన పెట్టి శబ్దాలనే లెక్కపెడితే హల్లులు 24. వాటిలో గాలిని పూర్తిగా ఆపి వదిలే స్పర్శాలు ఆరు, ఆపి రాపిడితో వదిలే స్పర్శోష్మాలు రెండు (‘చర్చి’లోదీ ‘జడ్జి’లోదీ), అనునాసికాలు మూడు, అంతస్థాలు నాలుగు. మిగతా తొమ్మిదీ ఊష్మాలు, అంటే గాలిని ఆపకుండా సన్నని సందులోంచి ఒరుసుకుంటూ పోనిచ్చేవి.

చిక్కంతా ఈ ఊష్మాల దగ్గరే ఉంది. మన శ, ష, స మూడూ శ్వాసాలే, వాటికి నాదపు జోడు తెలుగులో లేదు. ఇంగ్లీషులో నాద ఊష్మాలు నాలుగున్నాయి: ‘వెరీ’ మొదట్లోది, ‘దిస్’ మొదట్లోది, ‘జూ’ మొదట్లోది, ‘విజన్’ మధ్యలోది. మనకు ఆ గడులు ఖాళీ కాబట్టి దగ్గర్లో ఉన్న వ, ద, జ, జ తెచ్చి నింపుకుంటాం. పాప నాలుకలో లోపమేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ వినని శబ్దాన్ని చెవి పక్కింటి శబ్దంగా పోల్చుకుంటుంది, అంతే. చిన్నపిల్లను దానికి నిలబెట్టడం నాకు చాలా బాధనిపించింది.

ఇక జెడ్ సంగతి. పాపతో ‘స్‌స్‌స్’ అని సాగదీయించండి. నాలుక కొస పైపళ్ల వెనక చిగుళ్ల దగ్గరికి వెళ్తుంది గానీ అంటుకోదు. వేళ్లు గొంతు మీద పెట్టుకోమనండి, కదలిక ఉండదు. ఇప్పుడు నాలుకను అక్కడే ఉంచి, గాలిని ఆపకుండా గొంతు మోగించమనండి. తుమ్మెద ఝుంకారంలా వస్తుంది చూడండి, అదే జెడ్.

ఇంకో దారి కూడా ఉంది, తెలుగు పిల్లలకు ఇదే సులువని నా నమ్మకం. మనకు ‘జ’లు రెండు. ‘జనం’లోది తాలవ్యం, అంటే నాలుక అంగిలి దగ్గర పలికేది; ‘జుట్టు’, ‘జడ’లలోది దంత్యం, అంటే పళ్ల దగ్గర పలికేది. ‘జుట్టు’ అనబోయి మొదటి శబ్దం మీదే ఆగండి. నాలుక క్షణకాలం అంటుకుని, విడివడి, ఆపైన రాపిడి వస్తుంది. ఆ అంటుకోవడం తీసేస్తే మిగిలిన రాపిడే జెడ్. అంటే సగం జెడ్ పాప నోట్లో ఇప్పటికే ఉంది.

మరి ‘బెంజి’ అనడంలో ఏం జరిగింది? మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర ‘ఇ’ చేర్చుకున్నాం. ఇ, ఈ, ఎ, ఏ పక్కనున్న చ, జలు తాలవ్యాలవుతాయని మన వ్యాకరణం చెబుతుంది. అందువల్ల ఆ ‘జ’ దంత్యం నుంచి తాలవ్యానికి జరిగి, జెడ్‌కు ఇంకో అడుగు దూరమైంది. ‘బెంజు’ అని ఉంటే కాస్త దగ్గరగా ఉండేది. అయినా తెలుగులో మాట్లాడేటప్పుడు ‘బెంజి సర్కిల్’ తప్పెలా అవుతుంది? తెలుగు తన పద్ధతిలో కలుపుకున్న పేరది. ఇంగ్లీషు వాక్యంలో జెడ్ పలికితే చాలు. ఆ మాటకొస్తే జర్మన్లు తమ బెంజ్ కారు పేరు చివర జెడ్ పలకరు, మన ‘చాప’లోని దంత్య ‘చ’ను పలుకుతారు.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి:

మాస్టారూ, ‘క్యాట్స్’ చివర ‘స’ వినిపిస్తుంది, ‘డాగ్స్’ చివర జెడ్ వినిపిస్తుంది. రాసేది ఒకే అక్షరం కదా, ఎందుకలా?

మాస్టారు:

మంచిది పట్టుకున్నావు నాయనా. సరళాదేశ సంధి గుర్తు చేసుకో. ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు’, అంటే చివర ‘న’ వచ్చే మాటల తర్వాత క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి. పూచెను + కలువలు = పూచెఁగలువలు. ముందున్న ‘న’ నాదం, దాని తాకిడికి తర్వాతి ‘క’ నాదమై ‘గ’ అయింది. స్థానం మారలేదు, ప్రయత్నం మారలేదు, కంఠం మోగడమొక్కటే కొత్తగా చేరింది. ‘డాగ్’ చివర ‘గ’ నాదం, దాని తాకిడికి బహువచనపు ‘స’ జెడ్ అయింది. ‘క్యాట్’ చివర ‘ట’ శ్వాసం కాబట్టి ‘స’ అలాగే ఉండిపోయింది. భూతకాలంలోనూ ఇదే తీరు: ‘ప్లేడ్’ చివర డ, ‘వాష్డ్’ అని రాసుకున్నా పలికేది ‘వాష్ట్’. ‘వాక్ + ఈశ్వరుడు = వాగీశ్వరుడు’ దీనికి ఎదురు దిశ, అక్కడ వెనకది ముందుదాన్ని మారుస్తుంది.

క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలయ్యే గసడదవాదేశం ఇంతకన్నా లోతైనది. ‘వారు + చనిరి = వారు సనిరి’లో స్పర్శోష్మం ఊష్మమైంది, అంటే మారింది ప్రయత్నం. పద్యాల కోసం నేర్చుకునే సంధుల్లో ఇంత ధ్వనిశాస్త్రం ఉందని తెలుగు క్లాసులోనే చెబితే, పిల్లలు ఇంగ్లీషు క్లాసులో బెదిరిపోరు.

పటమట తల్లి:

చాలా సంతోషమండీ. ‘జుట్టు’ దారిలో పాపకు వచ్చేసింది! రెండు గదులూ మోగిస్తోంది. మిగతా మూడూ ఎలాగండీ?

మాస్టారు:

అదే పద్ధతమ్మా, శ్వాసం పలికించి కంఠం మోగించడమే. ‘శ్‌శ్’ అని సాగదీసి మోగిస్తే ‘విజన్’లోది. పైపళ్లు కింది పెదవికి ఆనించి ‘ఫ్యాన్’ మొదటి శబ్దం సాగదీసి మోగిస్తే ‘వెరీ’లోది. మన వైపు చాలామంది ‘ఫలం’ అన్నా అలాగే పళ్లు ఆనిస్తారు కాబట్టి అది త్వరగా వస్తుంది. ‘దిస్’ చివరికి ఉంచండి. నాలుక కొసను పళ్ల మధ్య కొద్దిగా బయటికి పెట్టి, ముందు ‘థాంక్స్’ మొదటి శబ్దాన్ని గాలితో సాగదీయాలి. నాలుక పళ్లకు గట్టిగా అదిమితే మన ‘థ’ వచ్చేస్తుంది, కాబట్టి వదులుగా ఉంచమనండి. అది కుదిరాక కంఠం మోగించమనండి.